డబ్బా మీద 34 గ్రాములు సరే, మిగతా సంగతి?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం ప్రోటీన్ మీదే. బ్రెడ్డులో ప్రోటీన్, ఐస్‌క్రీములో ప్రోటీన్, ఆఖరికి నీళ్ల సీసాలో కూడా ప్రోటీనట. అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి ఈసారి దీని మీదే కూర్చున్నాను. థైరాయిడ్ గురించి, షుగర్ గురించి రాసినవాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీ వంతు.

ప్రశ్న: అక్కా, నేను ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. కాలేజీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం అయ్యి రూముకొచ్చేసరికి రాత్రి పది. వండే ఓపిక ఉండదు. సూపర్‌మార్కెట్‌లో ‘హై ప్రోటీన్’ అని రాసిన చికెన్ కర్రీ రైస్ ట్రే దొరుకుతుంది, వారంలో నాలుగైదు రోజులు అదే తింటున్నాను. వెనకాల ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ట్రే 400 గ్రాములు, 480 కేలరీలు, ప్రోటీన్ 34, కార్బ్స్ 52, కొవ్వు 14 (అందులో శాచురేటెడ్ 4.4), పీచు 5.2, ఉప్పు 2.1 గ్రాములు. ధర నాలుగున్నర పౌండ్లు. పక్కనే మామూలు చికెన్ కర్రీ రైస్ మూడున్నరకే ఉంది. నా బరువు 68 కిలోలు, వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్తాను. కూర చప్పగా ఉంటుంది కాబట్టి ఆవకాయ కలుపుకుంటాను. ఇది మంచి తిండేనా, పేరు చూసి మోసపోతున్నానా?

జవాబు: తమ్ముడూ, ముందు నీకో దండం. లేబుల్ మొత్తం రాసి పంపినవాడివి నువ్వొక్కడివే, మిగతా అందరూ ‘ఒక డబ్బా తింటున్నాను, మంచిదేనా’ అని అడిగి ఊరుకున్నారు.

మోసం లేదు. బ్రిటన్‌లో ‘హై ప్రోటీన్’ అని ఊరికే అచ్చు వేయడానికి వీల్లేదు. ఆ పదార్థంలోని మొత్తం కేలరీల్లో కనీసం 20 శాతం ప్రోటీన్ నుంచే రావాలి, 12 శాతం ఉంటే ‘సోర్స్ ఆఫ్ ప్రోటీన్’ అని మాత్రమే రాసుకోవచ్చు. 2006 నాటి యూరప్ నిబంధన ఇది, యూరప్ నుంచి బయటికొచ్చాక కూడా బ్రిటన్ దీన్ని అలాగే ఉంచుకుంది. గ్రాము ప్రోటీన్‌కి 4 కేలరీలు. నీ ట్రేలో 34ని 4తో గుణిస్తే 136, అది 480లో 28 శాతం. బాగానే పాసైంది.

కాకపోతే ఆ 20 శాతం అనేది పెద్ద ఎత్తు గోడేం కాదు. మామూలు కోడిగుడ్డు కేలరీల్లో మూడో వంతు పైగా ప్రోటీనే, ఉడికించిన మసూర్ పప్పు కూడా 30 శాతం దగ్గర ఉంటుంది, పాపం వాటి మీద బంగారు రంగు అక్షరాలతో ఎవరూ ఏమీ రాయరు. ఈసారి షాపుకి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యి, పక్కనున్న మామూలు ట్రేని కూడా తిప్పి చూడు. నేను చూసినవాటిలో అదే సైజు మామూలు చికెన్ కర్రీ రైస్‌కి 550 నుంచి 600 కేలరీలు, ప్రోటీన్ 25 గ్రాముల అటూ ఇటూ ఉంటోంది. అంటే నువ్వు కట్టే ఆ ఎక్స్‌ట్రా పౌండు 9 గ్రాముల ప్రోటీన్‌కి. పెద్ద గ్లాసుడు పాలు తాగితే అవే 9 గ్రాములు వస్తాయి. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఖరీదైన ట్రేలో కేలరీలు కూడా వంద దాకా తగ్గుతున్నాయి, కాబట్టి బరువు తగ్గాలనుకునేవాడికి ఆ పౌండు పూర్తిగా దండగ కాదు. నీకు ఆ బాధ ఉన్నట్టు రాయలేదు మరి.

పోయిన వేసవిలో మా చెల్లెలి ఇంటికి బర్మింగ్‌హామ్ వెళ్లినప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చి నీదాంట్లాంటి ట్రే ఒకటి కొని, చికెన్ ముక్కలన్నీ ఏరి, గ్రేవీ కడిగేసి కిచెన్ త్రాసు మీద పెట్టాను. మా చెల్లెలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తొమ్మిది ముక్కలు, 96 గ్రాములు. అన్నం 140 గ్రాములు. మిగిలిందంతా గ్రేవీ, అందులో వెతికితే దొరికినవి నాలుగు ఎర్ర క్యాప్సికం చీలికలు, ఒక పాలకూర ఆకు. పదార్థాల జాబితాలో చికెన్ 25 శాతం అని ఉంది, అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఉడికిన చికెన్ బ్రెస్ట్ వంద గ్రాములకి 30 గ్రాముల ప్రోటీన్ వేసుకుంటే ఆ తొమ్మిది ముక్కలే 29 ఇచ్చేశాయి, అన్నం నాలుగు, మొత్తం 33, డబ్బా మీద కూడా సరిగ్గా అంతే ఉంది. ప్రోటీన్ లెక్కలో నాకు ఏ తప్పూ దొరకలేదు. నా కళ్లు ఆగింది ఆ ఒక్క పాలకూర ఆకు దగ్గర.

నీ ట్రేలో నేను చూసేది రెండు. ఒకటి ఉప్పు. బ్రిటన్‌లో పెద్దవాళ్లకి రోజుకి 6 గ్రాములు మించొద్దంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే ఉంచుకోమంటుంది. నీ ట్రే ఒక్కటే 2.1. డబ్బా ముందు వైపు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తారు చూడు, అక్కడొక తమాషా ఉంది. వంద గ్రాముల లెక్కన నీ ట్రేలో ఉప్పు అర గ్రాము పైచిలుకు, అది పసుపు. కానీ ఒక్కసారి తినే మొత్తంలో ఉప్పు 1.8 గ్రాములు దాటితే ఎరుపు వేయాలి. వెనకాల ‘వంద గ్రాములకి’ అన్న వరస మాత్రమే చదివితే ఇది తెలియదు, నువ్వు తినేది వంద గ్రాములు కాదు కదా, ట్రే మొత్తం. ఇక దాని మీద ఆవకాయ! నాయనా, ఆవకాయ వద్దనే ధైర్యం నాకు లేదు, నేను గుంటూరు దాన్ని, కానీ చప్పగా ఉందంటే తగ్గింది ఉప్పు కాదు, మసాలా, పులుపు. నిమ్మకాయ పిండుకో, మిరియాల పొడి చల్లుకో, రెండు పచ్చిమిరపకాయలు కొరుక్కో. ఆవకాయ ఆదివారానికి దాచుకో.

రెండోది పీచు. రోజుకి 30 గ్రాములు కావాలి, ట్రే ఇచ్చేది 5.2. దీనికి మందు ఫ్రీజర్‌లో ఉంటుంది. ఫ్రోజెన్ బఠాణీ పెద్ద ప్యాకెట్ ఒకటి కొని పెట్టుకో. ట్రే సగం వేడయ్యాక బయటికి తీసి, ఫిల్మ్ లేపి, పెద్ద గుప్పెడు బఠాణీ వేసి కలిపి మళ్లీ లోపల పెట్టు. 80 గ్రాముల బఠాణీలో ప్రోటీన్ నాలుగు గ్రాములు, పీచు కూడా నాలుగు దాకా వస్తుంది, పైగా కూర కాస్త కూరలా కనిపిస్తుంది. పాలకూర ఫ్రోజెన్ ఉండలు కూడా అంతే, కాకపోతే అవి నీళ్లు వదులుతాయి, చూసుకో.

నీకు రోజుకి ఎంత ప్రోటీన్ కావాలన్నది అడగలేదు గానీ చెప్పేస్తాను. బ్రిటన్ లెక్క ప్రకారం కిలో బరువుకి 0.75 గ్రాములు, అంటే నీకు 51. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలోకి 0.83, అంటే 56. ఇవి కసరత్తు లేని మనిషికి. బరువులెత్తేవాళ్లకి కిలోకి 1.2 నుంచి 1.6 ఉంటే మంచిది, నీకు 82 నుంచి 109 మధ్య. రాత్రి ట్రేతో 34 వచ్చేశాయి. పొద్దున రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, మధ్యాహ్నం టోస్టు మీద సగం డబ్బా బేక్డ్ బీన్స్ వేసుకుంటే ఆ కింది అంకె దగ్గరికి వచ్చేస్తావు, ఆ బీన్స్‌కీ ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు తగ్గించిన రకం తీసుకో. రోజంతా బిస్కెట్లు, టీ మీద గడిపి రాత్రి ఒక్క ట్రేలో ప్రోటీన్ వెతుక్కుంటే మాత్రం ఏ డబ్బా నిన్ను కాపాడలేదు.

ఒక్క మాట. సాయంత్రం పూట పసుపు స్టిక్కర్ వేసి సగం ధరకిచ్చే ట్రేలు నీకు నాకంటే బాగా తెలిసే ఉంటాయి. వాటి మీద ‘యూజ్ బై’ తేదీ ఆ రోజుదే అయినా అర్ధరాత్రి లోపు ఫ్రీజర్‌లో పెట్టేస్తే తర్వాత తినొచ్చు. తేదీ దాటినవి మాత్రం వాసన బాగానే ఉంది కదా అని తినకు. ‘బెస్ట్ బిఫోర్’ వేరు, అది రుచి సంగతి. ‘యూజ్ బై’ కడుపు సంగతి.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తాడు. రోజూ ప్రోటీన్ డబ్బాలు తింటాడు, దాని మీద పొడి కూడా కలుపుకుని తాగుతాడు. ప్రోటీన్ ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయని మా పక్కింటావిడ చెప్పింది. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — ఓ అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, నిద్రపోండి. కిడ్నీలు బాగున్నవాడికి రోజూ ఒక డబ్బా వల్ల వచ్చే 30, 35 గ్రాముల ప్రోటీన్‌తో అవి పాడవవు. అంత ప్రోటీన్ మీరు పెట్టే కోడికూర భోజనంలోనూ ఉంటుంది. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. మీ ఇంట్లో ఎవరికైనా షుగరో, బీపీయో, కిడ్నీ సమస్యో ఉంటే అబ్బాయిని ఒకసారి బీపీ చూపించుకుని, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోమనండి. అంతటితో పక్కింటావిడ నోరు కూడా మూతపడుతుంది.

నాకు డబ్బా కంటే ఆ పొడి మీదే అనుమానం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది. డబ్బా భోజనం తింటున్నవాడికి దాని మీద పొడి దేనికి, లెక్కేసుకుంటే అవసరమే ఉండదు. ఫోన్‌లో మాత్రం ‘కిడ్నీలు పోతాయి’ అనకండి, అలా అంటే ఫోన్ పెట్టేస్తారు. ‘ఈ రోజు కూరగాయ ఏం తిన్నావు నాన్నా’ అని అడగండి. అవతల నిశ్శబ్దం వస్తే అసలు సమస్య ఎక్కడుందో మీ ఇద్దరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: మేడమ్, మాది కొండాపూర్. ఇద్దరం ఉద్యోగస్తులం. పొద్దున్నే ‘హై ప్రోటీన్ ఉప్మా’ సాషేలు వేడినీళ్లు పోసుకుని తింటున్నాం. వంద గ్రాములకి 18 గ్రాముల ప్రోటీన్, 900 మిల్లీగ్రాముల సోడియం అని ఉంది. సాషే 60 గ్రాములు. ఇంట్లో ఉప్మా కంటే ఇది మేలే కదా?

జవాబు: మేలు అన్నది మీ తీరికని బట్టి. తిండిని బట్టి అయితే చూద్దాం.

సాషే 60 గ్రాములు కాబట్టి మీకు చేరేది 18 కాదు, 10.8. మన దగ్గర ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన బ్రిటన్‌దానిలా కేలరీల శాతం మీదే నడవదు, గట్టి పదార్థమైతే వంద గ్రాములకి రోజువారీ అవసరంలో 20 శాతం ప్రోటీన్ ఉన్నా ‘హై’ అనుకోవచ్చు. రోజుకి 54 గ్రాములు అనుకుంటే 11 గ్రాములు కూడా నిండవు. ఈ లెక్క నీళ్లు పోయని పొడి సరుకుకి, అందుకే సులువు. ఆ లెక్కన మీ వంటింట్లో కందిపప్పు డబ్బా మీద, పెసల డబ్బా మీద, వేరుశనగ గుళ్ల డబ్బా మీద కూడా ‘హై ప్రోటీన్’ అని స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకోవచ్చు, మూడూ ఇరవై దాటతాయి.

ఇంటి ఉప్మా సంగతి: ఒక మనిషికి 50 గ్రాముల రవ్వ, పోపులో పది గ్రాముల వేరుశనగ గుళ్లు వేస్తే ఎనిమిది గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. తేడా మూడు గ్రాముల లోపే, పక్కన చిన్న గిన్నెలో పెరుగు పెట్టుకుంటే అది కూడా తీరిపోతుంది. పెసరట్టు అయితే పోటీయే లేదు, మనిషికి 50 గ్రాముల పెసలు నానబోస్తే 12 గ్రాములు, పీచు అదనం. ‘రోజూ రుబ్బేదెవరు’ అంటారని తెలుసు. ఆదివారం రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా వస్తుంది, ఆ తర్వాత మీ సాషేలు ఎలాగూ ఉన్నాయి.

మన లేబుళ్ల మీద ఇంకో చిక్కు. బ్రిటన్‌లో ఉప్పు అని గ్రాముల్లో రాస్తారు, మన దగ్గర సోడియం అని మిల్లీగ్రాముల్లో. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. మీ సాషేకి 540 మిల్లీగ్రాముల సోడియం, అంటే 1.35 గ్రాముల ఉప్పు. మన రోజు పరిమితి 2000 మిల్లీగ్రాముల సోడియం, కాబట్టి టిఫిన్‌తోనే పావు వంతు పైన అయిపోయింది, ఇంకా మధ్యాహ్నం చారూ పచ్చడీ అప్పడమూ రానే లేదు.

ప్రశ్న: డాలస్ నుంచి. ఫ్రోజెన్ ప్రోటీన్ బౌల్స్ అన్నీ అల్ట్రా ప్రాసెస్డ్ (ఫ్యాక్టరీలో బాగా మార్చి తయారుచేసినవి) కాబట్టి విషమే అని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

జవాబు: విషం కాదు. కానీ ఆ భయానికి కాస్త ఆధారం ఉంది. 2019లో మీ అమెరికాలోనే ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లు 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానమే, ఎంత తినాలన్నది తినేవాళ్ల ఇష్టం. అల్ట్రా ప్రాసెస్డ్ పెట్టినప్పుడు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ లాగించారు. అంటే ఆ తిండి మనకి తెలియకుండా ఎక్కువ తినిపిస్తుంది. బౌల్ అయితే అంతా ఒకే డబ్బాలో కొలిచి ఉంటుంది, రెండోది తెరిస్తే తప్ప. వెనక జాబితా చదవండి. చికెన్, రాజ్మా, అన్నం, ఉల్లిపాయ, జీలకర్ర అని మీ అమ్మగారికి చదివి వినిపిస్తే అర్థమయ్యే పేర్లుంటే ఫర్వాలేదు. ప్రోటీన్ ఐసోలేట్ (విడిగా తీసిన ప్రోటీన్ పొడి), మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) లాంటివి ముందు వరసలో ఉంటే అది రోజూ తినేది కాదు. సోడియం పక్కన రోజు పరిమితిలో ఎంత శాతమో ఇస్తారు కదా, 20 దాటితే ఎక్కువని లెక్క.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. వెజిటేరియన్ అని రాసి ఉన్న హై ప్రోటీన్ మీల్స్ నమ్మకంగా కొనొచ్చా?

జవాబు: ఆగండి. అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. మన ఆకుపచ్చ చుక్క లెక్క అక్కడ చెల్లదు. ముఖ్యంగా క్వార్న్ అని 1985 నుంచి అమ్ముతున్న మైకోప్రోటీన్ ముక్కలు, చూడ్డానికి చికెన్‌లా ఉంటాయి, నిజానికి ఒక రకం ఫంగస్ నుంచి తయారుచేస్తారు, ప్రోటీన్‌తో పాటు పీచు కూడా ఉంటుంది కాబట్టి సరుకుగా మంచిదే. కానీ చాలా రకాల్లో ముక్క విడిపోకుండా గుడ్డు తెల్లసొన కలుపుతారు. మీకు కావలసింది ‘వీగన్’ అని, అంటే గుడ్డు, పాలతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ లేవని రాసినవి. పదార్థాల జాబితాలో గుడ్డు, పాలు లాంటివి లావు అక్షరాల్లో వేస్తారు, వెతకడం సులువే. ప్రోటీన్ పుడ్డింగులు, మూస్‌లు కొనేటప్పుడు జెలటిన్ ఉందేమో కూడా చూడండి, అది జంతువులదే. ఇంకోటి, ‘గ్రీక్ యోగర్ట్’ వేరు, ‘గ్రీక్ స్టైల్’ వేరు. మొదటిదాంట్లో ప్రోటీన్ వంద గ్రాములకి తొమ్మిది దాకా ఉంటే రెండోదాంట్లో సగమే ఉండొచ్చు. పేర్లో ఒక్క మాటే తేడా.

ప్రశ్న: మా ఆవిడ ఆ నల్ల ప్లాస్టిక్ ట్రేలన్నీ కడిగి దాస్తోంది. ఇప్పటికి నలభై మూడు అయ్యాయి. వాటిలో మళ్లీ కూరలు వేడి చేసుకోవచ్చా? — పేరు రాయొద్దు ప్లీజ్

జవాబు: పేరు రాయలేదు, భయపడకండి. నల్ల ప్లాస్టిక్‌ని రీసైక్లింగ్ మిషన్లు చాలాచోట్ల గుర్తుపట్టలేవు, కాబట్టి పారేయడానికి ఆవిడ మనసొప్పడం లేదంటే అర్థం చేసుకోవచ్చు. కానీ అవి ఒక్కసారి వేడి చేయడానికి చేసినవి. మళ్లీ మళ్లీ మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, వేడి సాంబారు పోయొద్దు, ఊరగాయ అసలే వద్దు. మేకులు, బటన్లు, రబ్బరు బ్యాండ్లు వేసుకోవచ్చు. అడుగున నాలుగు చిల్లులు పొడిచి మట్టి నింపి ధనియాలు చల్లితే వంటింటి కిటికీలో కొత్తిమీర బాగానే వస్తుంది, దానికి రెండు ట్రేలు చాలు. మిగతా నలభై ఒకటి గురించి ఆవిడతో మీరే మాట్లాడుకోండి.